లాభం తర్వాత రెండు

భూషణం కోంటా రేవు నుంచి ఉప్పు ఎద్దులను తోలుకొని కిష్టారం చేరేసరికి సంత మంచి ఊపు మీద ఉంది. అతని కళ్ళు అలవాటుగా ముందు ఎదుటి దుకాణం మీదికి పోయాయి. వెంకటనారాయణ ముందు ఎందరు నిలబడ్డారో చూస్తే తన ముందు ఎందరు లేరో తెలిసిపోతుంది. భూషణం చాలా ఏళ్ళుగా సంతను అలాగే అంచనా కడుతున్నాడు. ఈ రోజు వెంకటనారాయణ ముందు ఒక కుక్క పడుకొని ఉంది. అదీ నీడ కోసం.

తన పందిరి ముందు మాత్రం జనం ఇప్పచెట్ల దాకా వరుస కట్టారు. బుట్టలు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు, బుట్టలు దించి పక్కన చతికిలబడ్డవాళ్ళు, వరుసలోనే పిల్లలకు పాలిస్తున్నవాళ్ళు. తోసుకోవడం లేదు, అరుపుల్లేవు. పెళ్ళిలో రెండో పంక్తి కోసం కూర్చున్నట్టు నిదానంగా ఉన్నారు.

పదహారేళ్ళ కొడుకు భద్రయ్యను మొదటిసారి ఒంటరిగా సంతలో కూర్చోబెట్టి పోయాడు భూషణం. దారి పొడుగునా అదే బెంగ. ఇప్పుడు ఆ బెంగ తీరి ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. మా వంశంలో కొలత పుట్టుకతోనే చేతికొస్తుందని ఎద్దులు తోలే ఆయతుతో అన్నాడు. ఆయతు దోర్లవాడు, ఈ అడవి మనిషి. పనికి వెనకాడడు గానీ మాటలు ఖర్చు పెట్టడు. వరుసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"వంశమేమో గానీ సావుకారూ, వచ్చినోళ్ళు ఒక్కరు గూడ పోతలేరు" అన్నాడు.

భూషణం ఎద్దులను అక్కడే ఆపి, జనం వెనక నుంచి మెడ చాచి చూశాడు.

కొలిచేటప్పుడు మొదటి సోలను ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు, నాలుగు. భూషణం తాత అలాగే కొలిచాడు, తండ్రి అలాగే కొలిచాడు. భద్రయ్య కూడా అలాగే మొదలుపెట్టాడు. సోల నిండా ఉప్పు ముంచి, పైన అరచేత్తో కోసి, ముసలి లక్కే పరిచిన గుడ్డలో పోసి "లాభం" అన్నాడు. సోల మళ్ళీ కుప్ప దగ్గరకు పోయి అక్కడ ఆగింది. అతని కనురెప్పలు గట్టిగా మూసుకున్నాయి. ముఖం మీద ఈగ వాలినట్టు తల విదిలించాడు. తర్వాత ముంచాడు, కోశాడు, పోశాడు.

"లాభం" అన్నాడు.

మళ్ళీ ఆగాడు. మళ్ళీ లాభం.

పోసిన ఉప్పును వెనక్కి తీసుకోవడం ఆ ప్రాంతంలో లేదు. ఒకసారి మనిషి గుడ్డలో పడ్డ ఉప్పు ఆ మనిషిదే. తిరిగి కుప్పలో కలిపితే కుప్పంతా చెడుతుందని దోర్లవాళ్ళు నమ్ముతారు, సావుకార్లూ నమ్ముతారు. కనుక లక్కే గుడ్డలో పడ్డ ప్రతి లాభమూ లక్కేకే దక్కుతోంది. ఆ ముసలమ్మ తెచ్చింది దొప్పెడు సారపప్పు. ఆమె గుడ్డలో ఉన్న ఉప్పు ఆమె ఒక్కతే ఎత్తుకోలేనంత. గుడ్డ నాలుగు మూలలూ పట్టుకొని, తేనెపట్టు కింద కుండ పట్టిన మనిషిలా ఊపిరి బిగబట్టి కూర్చుంది.

భూషణం జనాన్ని చీల్చుకొని పోయి కొడుకు చేతిలోంచి సోల లాక్కున్నాడు. లక్కే కళ్ళలోకి చూస్తూ, ఉప్పు పోయకుండానే "రెండు, మూడు, ఆఖరు" అన్నాడు. వరుస అంతటా ఒక నిట్టూర్పు లేచింది. సగంమంది బుట్టలు ఎత్తుకొని ఎదుటి దుకాణం వైపు తిరిగారు. భూషణం కొలిస్తే సోల లోపల ఉప్పుతోబాటు అతని బొటనవేలు కూడా ఉంటుందని వాళ్ళకు తెలుసు. కిష్టారంలో అతని పెంకుటిల్లు లేచింది ఆ వేలు మీదనే.

సంత పలచబడ్డాక వెంకటనారాయణ తమలపాకులు నములుతూ పరామర్శకు వచ్చాడు. మనిషిది పెద్ద పొట్ట. నవ్వితే అది కూడా నవ్వుతుంది.

"నీ ఇంట్ల దాత పుట్టిండు బావా. వచ్చే సంతకు గూడ పిల్లగాన్నే కూసోబెట్టు. నేను దుకాణం కట్టేసి వరుసల నిలబడుత" అన్నాడు.

ఇంటికొచ్చాక భార్య సోమమ్మను అడిగితే ఆమె ఆశ్చర్యపోలేదు. భూషణానికి ఒళ్ళు మండింది అక్కడే. ఉగాదికి ముందు నుంచే ఆమెకు తెలుసు. పిల్లవాడు కాళ్ళు కడుక్కొని గడప దాటుతాడు, ఏదో గుర్తొచ్చినట్టు ఆగుతాడు, వెనక్కి పోయి మళ్ళీ కడుక్కుంటాడు. తలుపు గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి దాని మీద చెయ్యి పెట్టుకొని నిలబడతాడు. భూషణం ఊళ్ళో ఉన్నప్పుడు కడుపునొప్పి అనో, నిద్రమత్తు అనో ఆమె సర్దిచెప్పింది. వయసుతో వచ్చింది, వయసుతో పోతుందనుకుంది.

భద్రయ్య మూలన కూర్చొని ఉన్నాడు. సోమమ్మ ఇప్పనూనె గిన్నె తెచ్చి అతని చేతులకు రాయడం మొదలుపెట్టింది. ఉప్పుకూ నీళ్ళకూ వేళ్ళ సందులు పగిలిపోయాయి. భూషణం ఆ చేతులను ఇంతకుముందు చూడలేదు. సోల పట్టడం వచ్చిందా రాలేదా అన్నదే చూశాడు.

ఏమైందని భూషణం అడిగాడు. పిల్లవాడు తలెత్తకుండానే చెప్పాడు.

"లాభం అనంగనే లోపట్నించి ఒక మాట వస్తది నాయినా. చెడ్డ మాట. ఆ మాట మీద పోసిన ఉప్పును అట్లనే పంపిస్తే అది నిజమైతది. అందుకే మళ్ళ మంచిగ అనాలె."

"ఏం మాట?"

భద్రయ్య పెదవులు బిగించాడు. సోమమ్మ కళ్ళతోనే భర్తను వద్దంది. భూషణం ఊరుకున్నాడు. బస్తా మూతి విప్పకుండా సరుకుకు ధర కట్టమన్నట్టుంది ఈ బేరం. అయినా చింతపండుకు బూజు పడితే ఎండలో పెడతాం, ఇప్పపువ్వుకు పురుగు పడితే పొగ వేస్తాం, పిల్లవాడికీ ఏదో ఒకటి ఉండకపోదనుకున్నాడు.

మొదట దొరికింది కంపౌండరు. సంస్థానం పల్లెల్లో మందుపెట్టె పట్టుకొని తిరిగే మనిషి. ఎవరికి ఏమున్నా క్వినైన్ ఇస్తాడు, ఎందుకంటే పెట్టెలో ఉండేది అదే. భద్రయ్య నాలుక చూసి, "ఆరాం కరో" అని చెప్పి, మూడు పూటలకు పొట్లాలు కట్టాడు. పిల్లవాడికి చెవులు గింగురుమన్నాయి. లోపలి మాట మాత్రం ఆ గింగురు మధ్య కూడా స్పష్టంగానే వినబడిందట.

తర్వాత మద్దేడ్ వైపు నుంచి వచ్చిన ఎర్రయ్య అనే మంత్రగాడు. చూడగానే, పట్టింది అడవి తల్లి అన్నాడు, నల్లకోడి కావాలన్నాడు. మా ఇంట్లో కోడి అన్న మాటే అనరని భూషణం చెప్పాడు. బేరం గుమ్మడికాయ దగ్గర తెగింది. అప్పుడు భూషణానికి ఇంకో సంగతి తోచింది. పిల్లవాడు అన్నం తింటున్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు, అంటే అమ్మవారు పూర్తిగా పట్టలేదు. సగమే పట్టినప్పుడు గుమ్మడికాయ సగం చాలు. ఎర్రయ్య తన జన్మలో ఇంత బేరం ఆడిన ఇల్లు చూడలేదు. అందుకే అతను కూడా ఒక మెలిక పెట్టాడు. దక్షిణ ఉప్పు రూపంలో ఇవ్వాలి, అదీ రోగి తన చేత్తోనే కొలవాలి. మంత్రంలో అలాగే ఉందన్నాడు. మంత్రం వినకూడదని చెట్టు చాటున నిలబెట్టిన భూషణం సంగతి గ్రహించేసరికి భద్రయ్య లాభం దగ్గర చాలాసార్లు ఆగిపోయాడు. ఎర్రయ్య ఉప్పు మూట బరువుకు పక్కకు ఒరిగిపోతూ, ఇలాంటి రోగిని వారం వారం చూడాల్సి ఉంటుందని చెప్పి వెళ్ళాడు.

ఊరి వడ్డె కేసా మాత్రం మోసగాడు కాదు. దోర్లవాళ్ళ దేవతలకు పూజ చేసేది అతనే, జబ్బులకు కారణం చెప్పేదీ అతనే. దుకాణం వెనక చేటలో బియ్యం పోసి, దేవతను తలచుకొని చిటికెడు గింజలు విడిగా పెట్టాడు. వాటిని జతలు జతలుగా తీయాలి. చివరికి జత మిగిలితే పెద్దల కోపం లేనట్టు, ఒంటి గింజ మిగిలితే ఉన్నట్టు. భద్రయ్య ఎదురుగా గొంతుకూర్చొని రెప్ప వేయకుండా చూశాడు.

జత మిగిలింది. పెద్దలు చల్లగానే ఉన్నారని కేసా చెప్పబోయాడు.

"నీ గోటి కింద ఒక గింజ ఉన్నట్టుంది తాతా" అన్నాడు భద్రయ్య.

కేసా గోరు చూసుకున్నాడు. లేదు. అయినా ఎందుకైనా మంచిదని మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఈసారి ఒంటి గింజ వచ్చింది. పైగా ఆ గింజ విరిగి ఉంది. విరిగినదాన్ని ఒకటిగా లెక్కపెట్టాలా అరగా లెక్కపెట్టాలా అని భద్రయ్య నిజమైన ఆత్రంతో అడిగాడు. కేసా తల గోక్కున్నాడు. అతని తండ్రి ఈ సంగతి చెప్పకుండానే పోయాడు. ఇద్దరూ చేట మీదికి వంగి, మళ్ళీ మళ్ళీ తీసి, మళ్ళీ మళ్ళీ పెట్టి, సోమమ్మ అన్నానికి పిలిచేదాకా లేవలేదు. కేసా బియ్యం మూట కట్టుకొని వాకిలి దాటాడు. దాటినవాడు వెనక్కి వచ్చి, చేటను బోర్లించి ఒకసారి తట్టి చూసి వెళ్ళాడు. తర్వాత ఒకరి దున్న తప్పిపోతే అది ఎటు పోయిందో చెప్పడానికి కేసా గింజలు పెట్టాడట. అతను లెక్క తేల్చేలోగా దున్నే ఇంటికొచ్చిందని ఆయతు చెప్పాడు.

భూషణం మందులు ఆపేశాడు. పిల్లవాడు బాగుపడకపోగా వైద్యులు చెడిపోతున్నారు.

కొలత నుంచి తప్పిస్తే తగ్గుతుందేమోనని తనే సోల పట్టి, కొడుకును లోపల కూర్చోబెట్టాడు. బస్తాలు కుట్టమంటే కుట్టి విప్పి కుట్టాడు. ఎద్దుల కొట్టం చూడమంటే అడ్డకర్ర దగ్గరే పొద్దు గడిచింది. పని లేకపోతే ఇంకా కష్టం, గోడకు ఆనుకొని లోపలి మాటతో ఒక్కడే పెనుగులాడుతూ చెమట పట్టేవాడు. తిండి తగ్గింది. తాను ఎప్పుడో కొలిచిన ఉప్పు ఇంట్లో కూరల్లోనే ఉందని గుర్తొచ్చి చప్పిడి జావ అడగసాగాడు. సోమమ్మ జావ కాస్తూ ఏడ్చేది. అది కూడా వాడి కంటపడకుండా.

మిరుగు కార్తె దగ్గరికొచ్చింది. వానలు పడితే వాగులు దాటడం ఉండదు, వానాకాలానికంతా కావలసిన ఉప్పు ఇప్పుడే ఇళ్ళకు చేరాలి. ఇప్పుడు ఎవరు ఉప్పు పోస్తే వచ్చే పంట చింతపండు వాళ్ళ ముంగిట్లోకే వస్తుంది. భూషణం ఇంకొక్కసారి కోంటా పోయి రావాలి. తను రేవులో ఉన్న సంతకు దుకాణం ఎవరు పట్టాలి? తను ఇప్పుడంటే ఉన్నాడు, తర్వాత? సోల పట్టలేని పిల్లవాడు ఈ అడవిలో ఏం చేసి బతుకుతాడు? భూషణం ఎటు నుంచి కూడినా ఈ లెక్క తేలలేదు.

ఆ మధ్యాహ్నం వసారాలో సోమమ్మా భద్రయ్యా చింతపండు గింజ తీస్తున్నారు. భూషణం ఎద్దుల మీద వేసే గోనెలకు తాళ్ళు బిగిస్తున్నాడు.

"నాయినా, ఈసారి పోకు" అన్నాడు భద్రయ్య.

"ఉప్పు నడిచి రాదు గదరా."

"వాగు వస్తది."

"వస్తే ఈ గట్టున ఆగుత. తగ్గితే దాటుత. నేనేమన్న కొత్తగ పోతున్ననా?"

పిల్లవాడి చేతిలో చింతపండు నలిగిపోయింది. "నేను అనుకున్న. లాభం అన్నప్పుడల్లా వచ్చే మాట అదే. నాయిన సచ్చిపోతడు, అని."

సోమమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది. భూషణం తాడు బిగించడం ఆపలేదు. మొదట కోపం వచ్చింది. కానీ సరుకు పూర్తిగా చూడకుండా కోప్పడే అలవాటు అతనికి లేదు.

"ఎన్నాళ్ళ సంది?"

"ఉగాది ముందు నుంచి."

"రోజూనా?"

"రోజూ. సంతనాడైతే ఎన్నిసార్లో."

"ఇయ్యాల పొద్దున?"

"అనుకున్న. ఇప్పుడు గూడ."

భూషణం తాడు వదిలి, తన చేతులు చూసుకున్నాడు, కాళ్ళు చూసుకున్నాడు, కడుపు తడుముకున్నాడు. "మరి నేనేంది ఇంక ఇట్ల ఉన్న?"

"నేను మళ్ళ మంచిగ అన్న గద. అందుకే ఉన్నవు" అన్నాడు భద్రయ్య. ఆ మాటలో వాడు ఇన్నాళ్ళుగా మోసిన బరువంతా ఉంది. తండ్రి ప్రాణాన్ని సోల సోలకూ వాడొక్కడే నిలబెడుతున్నాడు.

వాడి వాదంలో ఎక్కడా సందు లేదు. భూషణం వీధి వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఎవ్వరికీ చెప్పకు. వెంకటనారాయణ సచ్చిపోవాలని ఇరవై ఏండ్ల సంది నేను అనుకుంటున్న. పొద్దున దుకాణం తీస్త, వాణ్ణి చూస్త, అనుకుంట. దీపం పెట్టేటప్పుడు ఇంకోసారి అనుకుంట. మళ్ళ మంచిగ అనేది ఒక్కనాడు గూడ లేదు." కొంచెం ఆగాడు. "వాని పొట్ట చూసినవా?"

సోమమ్మ అయ్యో అంది. భద్రయ్య తండ్రి ముఖంలోకి చూశాడు. వాడి పెదవి ఒక పక్క వణికింది. ఏడుస్తాడేమో అనుకున్నారు. నవ్వు వచ్చింది. చాలాకాలంగా వాడకపోవడం వల్ల అది దగ్గులా బయటపడింది.

"సచ్చిపోవాలనుకుంటే సచ్చేటట్టయితే ఈ సంస్థానంల సావుకారి మిగిలేటోడా? సుంకం నాకా కాడి జవానుకు ఎందరి నోళ్ళు తగిలినయి, వాడు బతికే ఉన్నడు. అది చెల్లని నాణెంరా. నీ చేతిల పడ్డది, పడనీ. పడ్డది గదా అని భయపడతరా?"

"మరి వస్తనే ఉంటది నాయినా."

"రానీ. ఎవ్వరు ఆపమన్నరు? లాభం అను. అది వస్తది. నేను నీ ఎదురుంగనే కూసుంట. బతికి ఉంటే రెండు అను. పోయినంటే మళ్ళ లాభం కాడ్నించి మొదలుపెట్టు."

ఇదేం మాట, ఇదేం ఒప్పందం అని సోమమ్మ గొణిగింది. కానీ ఇద్దరికీ నచ్చినట్టే ఉంది. బేరం కుదిరినట్టు భూషణం చెయ్యి చాచాడు. భద్రయ్య చింతపండు అంటిన చేత్తోనే పట్టుకున్నాడు. తర్వాత లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

సంతనాడు భూషణం జీవితంలో మొదటిసారి తన దుకాణానికి అవతలి వైపు, కొనేవాళ్ళ వైపు, ఒక పీట వేసుకొని కూర్చున్నాడు. భద్రయ్య కుప్ప వెనక కూర్చున్నాడు. ముందుగా వచ్చింది సన్నే అనే దోర్ల ఇల్లాలు. చింతపండు బుట్ట దించి, త్వరగా కానిమ్మంది. పిల్లలను ఇంట్లో వదిలి వచ్చింది. ఆమె చింతపండు కొలుచుకున్నాక భద్రయ్య సోల ముంచాడు. పైన అరచేత్తో కోశాడు. పోశాడు.

"లాభం."

సోల కుప్ప మీద ఆగింది. కళ్ళు మూసుకున్నాయి. తల విదిలించబోయి, ఒప్పందం గుర్తొచ్చి, మెడ బిగబట్టాడు. కణత మీద చెమట దిగింది.

"బతికే ఉన్న" అన్నాడు భూషణం, పక్కకు చూస్తూ, ఈ ఏడు మామిడి కాయలేదన్నంత మామూలుగా.

అరికాలిలోంచి ముల్లు లాగినట్టు, చాలాసేపటికి, "రెండు" వచ్చింది.

తర్వాతి మనిషికి మళ్ళీ అదే. లాభం, బతికే ఉన్న, రెండు. మధ్యలో రెండుసార్లు ఒప్పందం తప్పి వెనక్కి లాభానికి పోయాడు. ఆ ఉప్పు ఎవరికి దక్కాలో వాళ్ళకు దక్కింది. ఎండ ముదిరేసరికి రెండు కొంచెం త్వరగా వస్తోంది. భూషణానికి ఆ వైపు నుంచి ఇంకో సంగతి కూడా కనబడింది. కొడుకు సోల పట్టిన తీరులో బొటనవేలు బయటే ఉంది. నోటిదాకా వచ్చిన మాట మింగాడు. ఒక్క సంతలో రెండు పాఠాలు చెబితే రెండూ పోతాయి.

జనానికి మాత్రం ఇదంతా ఎర్రయ్య చెప్పిన కొత్త పద్ధతి అనిపించింది. లాభానికీ రెండుకూ మధ్య సావుకారు ఒక మాట అనాలి, అంటేనే ఉప్పుకు బలం. భూషణం ఒకసారి తమలపాకు నోట్లో పెట్టుకొని ఉన్నాడు. ఉప్పు గుడ్డలో పడింది గానీ ఆ మనిషి మూట కట్టలేదు, భూషణం నోటి వైపే చూస్తూ నిలబడ్డాడు. భూషణం ఆకు ఉమ్మేసి బతికే ఉన్నానని చెప్పాకే కదిలాడు. వరుస చివరన లక్కే గుడ్డ పరిచి ఆశగా చూసింది. లాభం తర్వాత రెండు వచ్చేసరికి, మంచి పండుగ ఎత్తేసినట్టు ముఖం పెట్టింది.

పొద్దు వాలుతుండగా ఎదుటి దుకాణంలో గొడవ వినబడింది. ఎవరో వెంకటనారాయణ దగ్గర ఉప్పు తీసుకొని, ఆ మాట అనలేదని నిలదీశారు. అదేం మాట, నేనెందుకంటానని అతను కసురుకున్నాడు. అనకపోతే ఆ ఉప్పు వద్దన్నారు, చింతపండు తిరిగిమ్మన్నారు. కాసేపటికి, పళ్ళు కొరుకుతున్నట్టుగా, వెంకటనారాయణ గొంతు వినబడింది.

"లాభం. బతికే ఉన్న. రెండు."

భూషణం పీట మీద కూర్చొని ఆ మాట విన్నాడు. ఇరవై ఏళ్ళుగా తాను కోరుకుంటున్నదానికి పూర్తిగా ఎదురు మాట. వినడానికి అంత చెడ్డగా ఏమీ లేదు.

ఆ సాయంత్రం కూడా భద్రయ్య కాళ్ళు మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాడు. కానీ తల్లి వేసిన అన్నంలో ఉప్పుందో లేదో అడగలేదు.

ఆ తర్వాత భూషణం కోంటా బయలుదేరాడు. వచ్చే సంతకు ముందురోజుకే తిరిగి చేరుకుంటానన్నాడు. పడవ ఆలస్యం కాలేదు, ఉప్పు బాగుంది, ఎద్దులు బాగా నడిచాయి. కిష్టారానికి ఇవతల వాగు దగ్గరికి వచ్చేసరికి ఎగువన వాన పడింది. చూస్తుండగానే ఎర్రనీళ్ళు గట్లు ఒరుసుకుంటూ దిగాయి. ఆయతు బస్తాల మీద తాటాకులు కప్పాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు.

సంతనాడు తెల్లవారినా నీళ్ళు తీయలేదు. పొద్దెక్కుతోంది. ఇప్పుడు పందిరి కింద చాప పరచి ఉంటారు. ఇప్పుడు కుప్ప మీద గోనె తీసి ఉంటారు. లేక దుకాణమే తీయలేదేమో. భూషణం లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ నిలబడ్డాడు. కిష్టారం వైపు తిరిగి, "బతికే ఉన్న" అన్నాడు.

ఆయతు అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"కనబడుతనే ఉన్నవు గద సావుకారూ" అన్నాడు.

పొద్దు నడినెత్తి దాటాక నీళ్ళు మోకాలికి తగ్గాయి. ఎద్దులను ఒక్కొక్కదాన్నే పట్టి దాటించారు. సన్నటి జల్లు మొదలైంది. దారిలో ఉప్పు బుట్టతో ఇంటికి పోతున్న సన్నే ఎదురై, అతన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. సావుకారుతో సహా ఉప్పు ఎద్దులు వాగులో కొట్టుకుపోయాయని సంతంతా అనుకుంటున్నారట. కొడుకు కూడా విన్నాడా అని అడిగితే, వాడి ముందే అన్నారని చెప్పింది. భూషణం ఇంకేమీ అడగకుండా ఎద్దులను అదిలించాడు. ఉప్పు సావుకారు ఎద్దులను పరుగెత్తించడం ఆయతు అదే మొదటిసారి చూడడం.

ఇప్పచెట్ల దగ్గరికి వచ్చేసరికి పందిరి కనబడింది. భద్రయ్య కుప్ప వెనక కూర్చొని ఉన్నాడు. ఎన్నడూ సంతకు రాని సోమమ్మ పక్కన నిలబడి, ఉప్పు మీద జల్లు పడకుండా చాప ఎత్తి పట్టుకొని ఉంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కుప్పకు ఇవతల భూషణం పీట వేసే ఉంది, ఖాళీగా. దాని పక్కన లక్కే గుడ్డ పరిచి నాలుగు మూలలూ పట్టుకుంది. వాన పడుతున్నా వరుస కదలలేదు. అందరూ పిల్లవాడి చెయ్యినే చూస్తున్నారు.

"లాభం" అన్నాడు భద్రయ్య.

సోల కుప్ప మీద ఆగింది. కళ్ళు మూసుకున్నాయి. ఈసారి ఆ మాట ఒక్క లోపలి నుంచే రావడం లేదు, సంతంతా అంటోంది.

భూషణం నోరు తెరిచాడు. అరిస్తే చాలు, వినబడేంత దూరమే. కాలు ముందుకు పడింది. పడ్డ కాలు అక్కడే ఆగింది. ఈ సంతలో అరిస్తే వచ్చే సంతలోనూ అరవాలి, ప్రతి వానకూ అరవాలి. తను ఎంతకాలం అరవగలడు? అది ఎప్పటికీ తీరని బాకీ. తెరిచిన నోరు మూసుకొని చెట్టు చాటుకు జరిగాడు. ఇంతవరకు అతను చేసిన బేరాలన్నింటిలో ఇంత కష్టమైనది లేదు.

లక్కే పిల్లవాడి ముఖం వంక చూసింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఇంకొక లాభం గుడ్డలో పడుతుందని ఆమెకు తెలుసు. ఆ మాటకొస్తే సంతలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. ఖాళీ పీట వైపు ఒకసారి చూసి, గుడ్డ మూల సర్దుకుంది.

"బతికే ఉంటడులే బిడ్డా" అంది.

భద్రయ్య కళ్ళు తెరిచాడు. పీట ఖాళీగానే ఉంది. దాన్ని చూస్తూనే సోల ముంచాడు, పైన అరచేత్తో కోశాడు, పోశాడు.

"రెండు" అన్నాడు.

తాటాకులు జారి ఎద్దుల మీద ఉప్పు తడుస్తోందని ఆయతు మెల్లగా గుర్తుచేశాడు. భూషణం వినిపించుకోలేదు. చెట్టు చాటునే నిలబడి మూడు కోసం ఎదురుచూస్తున్నాడు.